మడి కట్టుకున్న సీసాలు

ఓడను ఇనుముతో కడతారు. దాని తీగలు ఉక్కువి, కప్పీలు తుప్పు పట్టినవి, గోడల మీద రంగు పెచ్చులు లేస్తూ ఉంటుంది. అలాంటి ఓడ మీద నిలబడి సముద్రపు నీటిలో ఇనుము ఎంత ఉందో కొలవాలి. పసుపు దంచే రోటి పక్కనే తెల్లబట్ట ఆరేసి, దానికి ఇంటి దగ్గరే అంటుకున్న పసుపెంతో చెప్పమన్నట్టుంటుంది ఆ పని.

కొలవాల్సింది కూడా అంతా ఇంతా తక్కువ కాదు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో, నేలకు దూరంగా, వేసవిలో పైపొర నీటిలో కరిగి ఉండే ఇనుము లీటరుకు 0.1 నానోమోల్‌కు అటూ ఇటూగా ఉంటుంది. ఆ లెక్కన ఒక్క గ్రాము ఇనుము పోగెయ్యాలంటే సుమారు 18 కోట్ల లీటర్ల నీరు తోడాలి. ఎకరం చెరువును 44 మీటర్ల లోతున తవ్వి నింపితే అంత నీరు. డెక్కు మీంచి ఎగిరొచ్చిన తుప్పు రేణువు, కంటికి ఆననిది, ఒక్కటి సీసాలో పడితే చాలు, లెక్క తారుమారు. 1970ల దాకా అచ్చయిన ఇనుము అంకెల్లో చాలావాటి గతి అదే. అవి సముద్రాన్ని కొలవలేదు, ఓడను కొలిచాయి.

ఈ మైలను ముందు పట్టుకున్నది ఇనుము మనుషులు కాదు, సీసం మనిషి. భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చిన క్లెయిర్ ప్యాటర్సన్, ఆ పని కోసం సీసం అంటని గదిని తయారు చేసుకోవాల్సి వచ్చింది. అదే శుభ్రతతో సముద్రాన్ని కొలిస్తే, అంతకుముందు అందరూ చెప్పిన సీసం అంకెలు తేలిపోయాయి. ఆ పాఠాన్ని ఇనుముకు పట్టుకొచ్చినవాడు జాన్ మార్టిన్. కాలిఫోర్నియా తీరంలోని మాస్ లాండింగ్ మెరైన్ లేబొరేటరీస్‌కు డైరెక్టరు. యవ్వనంలో పోలియో వచ్చి నడక కష్టమైన మనిషి.

ఆయన బృందం చేసిన పనిని దగ్గరగా చూడండి. సీసాలు ప్లాస్టిక్‌వి. వాటిని ఆమ్లంలో రోజుల తరబడి నానబెట్టి, శుద్ధి చేసిన నీటితో మళ్లీ మళ్లీ కడిగి, సంచిలో పెట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెడతారు. నీళ్లలోకి దింపేందుకు ఉక్కు తీగ పనికిరాదు, కెవ్లార్ తాడు కావాలి. తోడే పాత్రకు లోపల టెఫ్లాన్ పూత ఉంటుంది. అది మూతి మూసుకునే నీళ్లలో మునుగుతుంది. ఓడ చుట్టూ తేలే నూనె, తుప్పు, వంటింటి మురికి ఉన్న పైపొరను దాటాక, లోతు ఒత్తిడికి దానంతటదే తెరుచుకుంటుంది. పైకొచ్చాక నేరుగా వడగట్టిన గాలి నిండిన గదికి చేరుతుంది. అక్కడ తలకు టోపీ, చేతులకు గ్లవ్స్. బయటి సంచి ముట్టుకున్న చెయ్యి సీసాను ముట్టుకోదు. ఇద్దరు పని చేస్తే ఒకరివి ‘శుభ్రమైన చేతులు’, రెండోవారివి ‘మురికి చేతులు’. ఆ పేర్లు ప్రయోగశాలల్లో నిజంగానే వాడతారు.

ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ మడి గుర్తొచ్చింది. దండెం మీది పట్టుచీర కర్రతో తీసుకోవడం, వంటింటి గడప దగ్గరే మమ్మల్ని ఆపేయడం. తేడా ఒక్కటే. ఇక్కడ మైల ఎంత అంటిందో లెక్క కట్టి చూపించొచ్చు.

ఇంతకీ ఎందుకింత పాటు? దక్షిణ మహాసముద్రం ఒక పాత చిక్కుముడి. మామూలుగా సముద్రంలో వెలుతురు, నైట్రేట్, ఫాస్ఫేట్ దొరికితే వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలు, ఆబగా తిని పెరిగి, ఉన్నదంతా ఊడ్చేస్తాయి. ఉత్తర ధ్రువం వైపు ఆర్కిటిక్‌లో జరిగేది చాలావరకు అదే. నదుల మంచినీరు, కరిగిన మంచు తేలికై పైన పరుచుకుని అడుగు నీటిని పైకి రానివ్వవు. వసంతంలో ప్లవకాలు విరగబడి పెరుగుతాయి, వేసవి నడుమకు నైట్రేట్ అడుగంటుతుంది, పంట ఆగిపోతుంది. అందులో రహస్యమేమీ లేదు. దక్షిణాన మాత్రం లీటరుకు 25 మైక్రోమోల్‌ల దాకా నైట్రేట్ వేసవంతా మిగిలిపోయి ఉంటుంది. తినేవాళ్లు పలచగా ఉంటారు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

చీకటి అన్నారు కొందరు. గాలులు ప్లవకాలను వెలుతురు అందని లోతుకు కలిపేస్తున్నాయన్నారు. క్రిల్ రొయ్యలు మేసేస్తున్నాయన్నారు. వీటిలో దేన్నీ తోసెయ్యలేం, ధ్రువాల దగ్గర వెలుతురు నిజంగానే పెద్ద షరతు. కానీ నార్వే శాస్త్రవేత్త గ్రాన్ 1931లోనే ఇనుము పేరెత్తాడు. బ్రిటిష్ వాళ్ల డిస్కవరీ సముద్రయాత్రల్లో పనిచేసిన హార్ట్ 1934లో, నేల దగ్గర ప్లవకాలు దట్టంగా ఉండడానికి ఇనుము కారణం కావచ్చన్నాడు. ఊహ మంచిదే, తేల్చే సీసా లేదు. అర్ధశతాబ్దం ఊరికే గడిచింది.

భూమి పైపెంకులో ఇనుము నూటికి అయిదు పాళ్లుంటుంది. అయినా ప్రాణవాయువు ఉన్న ఉప్పునీటిలో అది నిలవదు, తుప్పై అడుగుకు దిగుతుంది. ఎప్పటికప్పుడు ఎడారి దుమ్మో, నది ఒండ్రో తెచ్చి పోయాలి. మంచు కప్పుకున్న ఖండం చుట్టూ ఆ రెండూ అరుదు. నైట్రేట్ రెండున్నర లక్షల పాళ్లుంటే ఇనుము ఒక్క పాలు. పైగా నైట్రేట్‌ను అరిగించుకునే ఎంజైములకూ ఇనుమే కావాలి, వెలుతురు పట్టే యంత్రాంగానికీ ఇనుమే కావాలి. జింకు లోపించిన మడిలో ఎంత యూరియా చల్లినా వరి పచ్చబడదని డెల్టా రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదీ ఆ బాపతే.

మార్టిన్, ఆయన సహచరుడు ఫిట్జ్‌వాటర్ మొదట అలాస్కా దగ్గరి నీటిని సీసాల్లో పట్టి, కొన్నిటిలో రవ్వంత ఇనుము వేసి, కొన్నిటిని అలాగే వదిలి, 1988లో ‘నేచర్’లో ఫలితం ప్రకటించారు. 1990లో మరో సహచరుడు గోర్డన్‌తో కలిసి అంటార్కిటిక్ నీటి మీద ఇంకో వ్యాసం. ఇనుము వేసిన సీసా పచ్చబడిందని అందరూ చెబుతారు. నా దృష్టిలో అసలు పనితనం వేయని సీసాలో ఉంది. అంతకుముందు ఇలాంటి ప్రయోగాల్లో వేయని సీసాలో కూడా ప్లవకాలు పెరిగేవి, ఎందుకంటే ఎవరో తెలియకుండా ఇనుము వేసేశారు: గాలి, మూత, వేలు. ఏమీ జరగని సీసాను తయారు చేయడానికి ఇంత శ్రమ పడ్డవాళ్లను నేనెక్కడా చూడలేదు.

అరట్యాంకరు ఇనుమిస్తే మంచుయుగం తెస్తానని మార్టిన్ 1988లో సరదాకు అన్న మాట సీసాలకన్నా ఎక్కువ దూరం వెళ్లింది. ప్లవకాలు పెరిగితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుంటాయి, చచ్చి మునిగితే ఆ కార్బన్ లోతుకు దిగుతుంది, భూమి చల్లబడుతుందని లెక్క. మంచుయుగాల్లో అంటార్కిటికా మీద దుమ్ము ఎక్కువ పడిందని అక్కడి మంచులోంచి తవ్వి తీసిన కడ్డీలు చెబుతాయి కాబట్టి అది పూర్తిగా వేళాకోళమూ కాదు. ఆయన 1993 జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. సముద్రంలోనే ఇనుము కలిపిన తొలి ప్రయోగం, గలాపగోస్ దగ్గర, ఆ అక్టోబరులో జరిగింది.

ధ్రువజలాల వంతు 1999 ఫిబ్రవరిలో వచ్చింది. న్యూజిలాండ్ ఓడ టాంగరోవా, ఫిలిప్ బాయ్డ్ నాయకత్వం, ఆస్ట్రేలియాకు దక్షిణాన 61 డిగ్రీల అక్షాంశం. వాళ్లు పోసింది ఏమిటో తెలుసా? మన పల్లెల్లో అన్నభేది అనే ఫెర్రస్ సల్ఫేటే. ఆకులు పాలిపోయిన వేరుశనగ మీద అన్నభేది కొట్టేటప్పుడు రైతు చిటికెడు నిమ్మ ఉప్పు కలుపుతాడు, ఇనుము తుప్పై విరిగిపోకుండా. ఓడ మీద కూడా ట్యాంకులో ఆమ్లం కలిపారు, అదే కారణానికి.

కష్టం పోయడంలో లేదు, పోసిన చోటును మళ్లీ కనుక్కోవడంలో ఉంది. సముద్రానికి గట్లుండవు. అందుకని ఇనుముతో పాటు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును కరిగించి వదిలారు. అది ప్రాణులకు పట్టదు, అతి స్వల్పంగా ఉన్నా యంత్రం పసిగడుతుంది. నీటితో కొట్టుకుపోయే బోయా చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ సుమారు 50 చదరపు కిలోమీటర్ల మచ్చ వేశారు. 13 రోజులు దాని వెంటే ఉన్నారు. ముందు ప్లవకాల కిరణజన్య సామర్థ్యం కోలుకుంది, తరవాత క్లోరోఫిల్ ఆరు రెట్లయింది. ఓడ ఇంటికెళ్లిన ఎన్నో రోజులకు, సుమారు ఆరు వారాలప్పుడు, ఉపగ్రహ చిత్రంలో ఆ మచ్చ కనిపించింది: 150 కిలోమీటర్ల పొడవున సాగిన పచ్చని నాడా.

ఆ పచ్చదనంలో ముఖ్యమైనది ఫ్రాజిలారియోప్సిస్ కెర్గ్యులెన్సిస్ అనే డయాటమ్. డయాటమ్ అంటే గాజు భరిణె. కింద పెట్టె, పైన మూత, రెండూ సిలికాతో చేసుకుంటుంది. ఈ కెర్గ్యులెన్సిస్ గోడలకు అడ్డ పట్టీలు మరీ మందం. సన్నని గాజు సూదులతో నొక్కి అది ఎంత బరువుకు పగులుతుందో కొలిచినవాళ్లున్నారు (2003). వింతేమిటంటే, ఇనుము కరువైతే డయాటమ్‌లు నైట్రేట్ తక్కువ తిని, దామాషాలో సిలికా ఎక్కువ లాగుతాయి. ఆకలితో ఉన్నవాడు ఇల్లు మందంగా కట్టుకున్నట్టు. ఆ బరువైన పెంకులు మునిగి సిలికాను అడుగుకు తీసుకుపోతాయి. అంటార్కిటికా నుంచి ఉత్తరానికి జారే పైనీటిలో నైట్రేట్ మిగులుతుంది, సిలికా మిగలదు.

ఆ సిలికా కరువు 2009లో మనవాళ్లకు తగిలింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి పోలార్‌స్టెర్న్ ఓడ మీద చేసిన ప్రయోగం లోహాఫెక్స్. పేరులోని ‘లోహా’ హిందీ ఇనుము, మనకైతే ఏ లోహమైనా లోహమే. వాజిహ్ నక్వీ, విక్టర్ స్మెటాచెక్ నాయకులు. పర్యావరణవాదుల అభ్యంతరాలతో కొన్నాళ్లు ఆగి, దక్షిణ అట్లాంటిక్‌లో ఒక సుడి మధ్య 300 చదరపు కిలోమీటర్లలో ఇనుము కలిపారు. ప్లవకాలు పెరిగాయి, కానీ డయాటమ్‌లు రాలేదు. భరిణెకు గాజు లేదు. వచ్చిన చిన్న జీవులను కోపెపాడ్‌లనే నలుసంత జలచరాలు మేశాయి. ఆ కోపెపాడ్‌లను తినే థెమిస్టో అనే చిన్న రొయ్యలాంటి ప్రాణులు అక్కడ గుంపులుగా ఉన్నాయి. లోతుకు దిగిన కార్బన్ కొద్దే. కార్బన్ వ్యాపారానికి లెక్కలు వేసుకున్నవాళ్లు నీరుగారిపోయారు.

నాకు నచ్చింది వేరే. దాదాపు 40 రోజుల ఆ పనిలో ఓడ మచ్చ లోపలే ఉండిపోలేదు. మధ్యమధ్యన బయటికెళ్లి, ఇనుము వేయని నీటి దగ్గర ఆగి, అదే మడితో సీసాలు దింపి, ఏమీ జరగనిదాన్ని కూడా తోడి రాసుకుంది.