పాటల పుస్తకమూ, కిటికీలో గ్లాసూ

తెలుగువాళ్ళ నోళ్ళలో ఎక్కువగా నానిన పాటల పుస్తకం ఏదని అడిగితే మీరు వెంటనే అన్నమయ్య పేరో, రామదాసు పేరో చెబుతారు. త్యాగయ్యగారు సరేసరి. నేను ఇంకో పుస్తకం పేరు చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. మా ఇళ్ళలో అది బైబిలు పక్కనే ఉంటుంది. బైబిలుకి నల్ల అట్టా, జిప్పు సంచీ లాంటి మర్యాదలు జరుగుతాయి. దీనికి మాత్రం పసుపు మరకలూ, కొబ్బరినూనె వేలిముద్రలూనూ. అదే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. కాలేజీలో నేను చదువుకున్న తెలుగు పాఠాల్లో దీని ఊసే లేదు. అంచేత విమర్శకులు చెయ్యని పని నా బోటి ఇల్లాలు చెయ్యవలసి వచ్చింది. తప్పులుంటే సర్దుకోండి.

నా పుట్టిల్లు ఒంగోలు వైపు బాప్టిస్టులది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారే, మా ముత్తాత ఆ నీళ్ళలో మునిగి లేచినవాడు. మెట్టినిల్లు గుంటూరు. అక్కడ 1842లో హయ్యరు దొరగారు వచ్చి మొదలుపెట్టిన లూథరను సంఘం. మావాళ్ళు నిలువునా ముంచితేగాని బాప్తిస్మం కాదంటారు. వీళ్ళకేమో పసిబిడ్డ నెత్తిన నాలుగు చుక్కలు పడితే చాలు. పెళ్ళయిన కొత్తలో ఈ విషయం మీద మా నాన్నగారూ మామగారూ భోజనాల దగ్గర మర్యాదగా పోట్లాడుకునేవారు. పోట్లాట ముదిరేలోపు మా అత్తగారు వంటింట్లోంచి ఏదో ఒక కీర్తన అందుకునేవారు. ఇద్దరూ నోరు మూసుకుని, రెండో చరణానికి తామూ కలిసేవారు. ముంచేవాళ్ళకీ చిలకరించేవాళ్ళకీ పాటల పుస్తకం మాత్రం ఒక్కటే మరి!

ఆ పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూశారా? ప్రతి పాట నెత్తినా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. శంకరాభరణం, ఆది అనీ, ఇంకోటనీ. పల్లవి, చరణాలు, మధ్య మధ్య నిలువు గీతలు, అంతా మన సంగీత కీర్తనల పద్ధతే. మేలుకొలుపులున్నాయి, మంగళహారతులున్నాయి. మా గుడి క్వయరులో ఆ రాగాల సంగతి తెలిసినవాళ్ళెవరూ లేరనుకోండి. మా అత్తగారైతే పుస్తకమంతటినీ మూడే మూడు వరసల్లో పాడేవారు: సంతోషం వరస, దుఃఖం వరస, పప్పు రుబ్బే వరస.

వీటిలో చాలా పాటలు పురుషోత్తమ చౌదరిగారివి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, తెలుగు మాతృభాష కాని బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, 1890 దాకా బతికిన పెద్దమనిషి. దొరల పాటల్ని తెలుగు మాటల్లోకి కుక్కి ఉంటే ఈపాటికి అవి దొరలతోపాటే వెళ్ళిపోయి ఉండేవి. ఆయన అలా చెయ్యలేదు. మన భక్తులు దేవుడితో ఎలా మాట్లాడారో అలాగే మాట్లాడాడు. బతిమాలడం, నిష్ఠూరమాడడం, తన్ను తాను తిట్టుకోవడం, అంతలోనే చనువుగా దగ్గరికి జరగడం. రామదాసు చెరసాల్లో కూచుని చేసినదే ఇదీ. ఆ గొంతు తెలుగువాడి చెవికి కొత్తకాదు గనకే చదువురాని పల్లెవాళ్ళు కూడా ఇంత సంస్కృతాన్ని నోటికి పట్టుకోగలిగారని నా నమ్మకం.

ఈ పాటల బలం తెలియాలంటే గుళ్ళో కాదు, చావింట్లో వినాలి. మామగారు పోయిన రాత్రి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. మంచి ప్రార్థనే, ఒక్క మాటా గుర్తులేదు. ఆ తర్వాత పక్క వీధుల ఆడవాళ్ళు నలుగురు వచ్చి శవం పక్కన చాప వేసుకుని కూచున్నారు. పుస్తకం లేదు, దీపం సన్నగా ఉంది. ఒకావిడ నంబరు చెప్పేది, తక్కినవాళ్ళు అందుకునేవారు. తెల్లవార్లూ అంతే. అత్తగారు అప్పటిదాకా ఏడవలేదు. మూడో జామున ఏదో పాటలో, చరణం మధ్యలో, గొంతు కలపబోయి బావురుమన్నారు. వాళ్ళు ఓదార్చలేదు, ఆపనూ లేదు. ఆవిడ ఏడుపు అయ్యేదాకా ఆ చరణమే తిప్పి తిప్పి పాడారు. పాట అన్నది అందుకూ పనికొస్తుందని నాకు ఆ రాత్రి తెలిసింది. అలాంటి పని చేసే పద్యాలు మన ప్రబంధాల్లో ఎన్ని ఉన్నాయో పండితులే చెప్పాలి.

భాష గ్రాంథికమే. అరసున్నలూ, సంధులూ, ఈ కాలం పిల్లలు నోరు తిరక్క పళ్ళు నూరే మాటలూ కొల్లలు. కానీ మా అత్తగారికి అది అడ్డం కాలేదు. వానాకాలం చదువు ఆవిడది. అక్షరాల కింద వేలు పెట్టుకుని ఈ పుస్తకంలోనే చదవడం నేర్చుకున్నారట. ‘కరుణాపీఠం’ అన్న మాట వస్తే ఆవిడ ‘కరుణ పీట’ అనేవారు. ఒకసారి దిద్దబోయాను.

“పీటంటే కూచునేది కాదుటే అమ్మాయ్? ఆయన కూచుంటాడు, మనకీ ఒకటి వేస్తాడు” అన్నారు, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. ఆ తర్వాత దిద్దే సాహసం చెయ్యలేదు. ఇప్పుడు గుళ్ళో ఆ మాట వినబడితే నాకు మా వంటింటి పీటే కనిపిస్తుంది, ఒక కోడు పొట్టిది.

ఇంతవరకు పొగిడాను. ఇక నాకున్న పేచీ చెబుతాను.

ఈ పుస్తకంలో ఆత్మ ఉంది, సిలువ ఉంది, పరలోకం ఉంది. ఇల్లు లేదు. ఉన్నా పెళ్ళినాడూ, చావునాడూ, పొద్దున్నే లేచినప్పుడూ ఉంది. శనివారం రాత్రి రేపటి ఆరాధనకి అందరి బట్టలూ ఇస్త్రీ చేసి, ఆదివారం కూర ముందే తరిగి, వండే ప్రతిపూటా దేవుడికని ఒక పిడికెడు బియ్యం విడిగా డబ్బాలో పోసి, తీరా గుడికి వెళ్ళేసరికి మొదటి పాట అయిపోయి, వెనక బల్లమీద నక్కి కూచునే ఆడమనిషి ఇందులో ఎక్కడా నాకు కనిపించలేదు. రాసినవాళ్ళ పేర్లు చూడండి, దాదాపు అన్నీ మగవాళ్ళవే. 2013లో నంద్యాలకు పుష్పలలితగారు బిషప్పు అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్పు మన తెలుగావిడే అయినందుకు నేను సంతోషించాను. బిషప్పు కావడంకన్నా పాటల పుస్తకంలోకి ఎక్కడమే ఆడదానికి కష్టం కాబోలు!

ఇంకో పేచీ ఉంది. అది పెద్దది, చెప్పడానికి నాకే సిగ్గు.

ఈ పాటల్లో పాపం చాలా గొప్పగా ఉంటుంది. సముద్రమంత, కొండంత, కారుచీకటంత. పాడేవాడు తానంతటి ఘోరపాపి లోకంలో లేడని ఒప్పేసుకుంటాడు. నేనూ పాతికేళ్ళొచ్చేదాకా కళ్ళు మూసుకుని, తన్మయత్వంతో ఒప్పేసుకున్నాను. ఒప్పుకున్నప్పుడల్లా హాయిగా ఉండేది. ఎందుకంటే సముద్రమంత పాపంలో గ్లాసంత పాపం ఎక్కడ కనిపిస్తుంది?

గ్లాసు కథ చెప్తాను. 1976లో మేం బ్రాడీపేటలో అద్దె ఇంటికి మారాం. చుట్టూ పెద్ద కులాలవాళ్ళ ఇళ్ళు. నేను బడిలో టీచరుని, మావారు బ్యాంకులో. అంట్లు తోమడానికి పనిమనిషిని పెట్టుకున్నాం. పక్కింటివాళ్ళు వాళ్ళ పనిమనిషికి ఒక సత్తు గ్లాసు విడిగా కిటికీలో పెట్టేవారు. నేనూ ఒకటి కొని మా వంటింటి కిటికీలో పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. పెట్టకపోతే మా సంగతి పక్కవాళ్ళకి తెలిసిపోతుందేమోనని భయం. ‘మా సంగతి’ అంటే మీకు అర్థమయ్యే ఉంటుంది. గుండ్లకమ్మలో మునిగిన మా ముత్తాతకి అంతకుముందు ఊళ్ళో ఎవరూ గ్లాసివ్వలేదు. దోసిలి పడితే పైనుంచి పోసేవారు. ఆయన మునిమనవరాలు ఆ గ్లాసు కొన్నది, పన్నెండణాలకి.

అత్తగారు వారం రోజులు ఏమీ అనలేదు. ఒక పొద్దున నేను కాఫీ కలుపుతున్నాను, ఆవిడ పీటమీద కూచుని పాట పాడుతున్నారు. హృదయం కడగమని అడిగే పాటల్లో ఒకటి, పప్పు రుబ్బే వరస. రెండో చరణం సగంలో ఆపేశారు. లేచి వెళ్ళి కిటికీలోంచి ఆ సత్తు గ్లాసు తీసుకొచ్చి నా ముందు పెట్టారు.

“నా కాఫీ ఇందులో పొయ్యి” అన్నారు.

“అత్తయ్యా, అది...”

“తెలుసు. పొయ్యి.”

పోశాను. వేడికి పట్టుకోలేక చెంగుతో పట్టుకుని తాగారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పనిమనిషికి మా స్టీలు గ్లాసులో తనే పోసి ఇచ్చేవారు. ఆ పిల్ల మొదట బెదిరిపోయి గోడవైపు తిరిగి తాగింది. నాకు ఒక్క మాట చెప్పలేదావిడ, బైబిలు వాక్యం ఎత్తలేదు, కొడుకుతోనైనా అనలేదు. పోయేదాకా, అంటే పంతొమ్మిదేళ్ళు, ఆ సత్తు గ్లాసులోనే కాఫీ తాగారు. అన్నేళ్ళూ రోజూ నేనే పోశాను.

అప్పట్నించీ ఈ పాటల్ని నేను వేరే చెవితో వింటున్నాను. చౌదరిగారు కులాన్ని ఖండిస్తూ ‘కులాచార పరీక్ష’ అని ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. జంధ్యం విడిచిన మనిషి, రాయడానికి హక్కున్నవాడు. అయితే వాదించడం అక్కడ పెట్టుకుని, పాటల్లో ఆత్మనీ దేవుణ్ణీ మాత్రమే ఎదురెదురుగా కూచోబెట్టారు. పుస్తకం మరుగున పడింది, పాటలు మిగిలాయి. ఆ గొడవ ఒక నాలుగు చరణాల్లోకి ఎక్కి ఉంటే, మా గుడిలో పాట అవగానే బయట చింతచెట్టు కింద పెళ్ళి సంబంధాలు మాట్లాడుతూ “మనవాళ్ళేనా?” అని అడిగే పెద్దలకి గొంతులో కాస్తయినా అడ్డుపడేది. జాషువాగారు ఆ పని చేశారు. 1941 నాటి ‘గబ్బిలం’లో, గుళ్ళోకి రానివ్వని మనిషి తన బాధ కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మా ఇంట్లో జాషువాగారు హాల్లో అద్దాల బీరువాలో ఉంటారు, కీర్తనల పుస్తకం పొయ్యి దగ్గర ఉంటుంది. పద్యాన్ని మెచ్చుకుని బీరువాలో పెట్టగలం. రోజూ పాడుకోవాలంటే పాటే కావాలి, ఆ పాటేమో ఆయన సంగతి చెప్పదు.

మరి మా అత్తగారిచేత ఆ గ్లాసు తీయించింది ఆ పాటే కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడుగుకున్నాను. నేనూ అవే పాటలు పాడాను. నా చేత కొనిపించినవి, ఆవిడ చేత తీయించినవి ఒకే చరణాలు. చౌదరిగారి మీద నా పేచీ ఇక్కడికొచ్చేసరికి కొంచెం నీరసపడుతుంది.

ఇప్పుడు మా గుళ్ళో కీబోర్డు, డ్రమ్సు, గోడమీద తెర. పాట నంబరుతో పనిలేదు. మా కోడలు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తోంది, ఫోనులో కొత్త పాటలు పెట్టుకుని వంట చేస్తుంది. ఆ పాటల్లో దేవుడు మనల్ని పైకెత్తుతాడు, గెలిపిస్తాడు, తలుపులు తెరుస్తాడు. వీసా తలుపులు కూడా అందులోకే వస్తాయనుకుంటాను. పాపం అన్న మాట వినబడదు.

“మీ పాటల్లో ఏడుపు తప్ప ఏముంది అత్తయ్యా? పొద్దున్నే బస్సెక్కేముందు నాకు ధైర్యం కావాలి, ఏడుపు కాదు” అంది మొన్న.

అదీ నిజమే. నేనూ ఇంటిపనీ బడిపనీ చేసిన రోజుల్లో నాకు ధైర్యం చెప్పిన చరణం ఈ పుస్తకంలో వెతుక్కోవలసి వచ్చేది. కానీ దాని పాటలన్నీ నువ్వు, నేను, నా విజయం. మా అత్తగారి ముందు అవి పాడితే ఏ చరణం దగ్గర ఆపి లేచి వెళ్ళేవారో నాకు తోచలేదు. ఈ మాట కోడలితో అనలేదు. అనవలసిందేమో.

పోయిన నెల అత్తగారి పుస్తకం కుట్లు ఊడి, మంగళహారతులన్నీ విడిపోయి చేతికొచ్చాయి. బైండింగుకి తీసుకెళ్ళాను. కొట్టతను పేజీలు తిరగేసి, “అంచులు బాగా నలిగాయమ్మా, మూడువైపులా కత్తిరిస్తే కొత్తదానిలా అవుతుంది” అన్నాడు. ఆ అంచుల్లో ఆవిడ పెన్సిలుతో గీసుకున్న పాల లెక్కలున్నాయి, చాకలి పద్దున్నది, ఒక పేజీమీద సత్తు గ్లాసు అడుగు గుండ్రంగా కాఫీ మరక పడి ఉంది. కత్తిరించవద్దని చెప్పి, ఉన్నదున్నట్టు కుట్టమని ఇచ్చి వచ్చాను. శుక్రవారం రమ్మన్నాడు.