కారు నిద్రపోయిన పిమ్మట

ఖతరులోని అల్ వక్రా పట్టణమున నుండు మన తెలుగువారు నెల సెలవుపై స్వదేశమునకు వెళ్లి, తిరిగి వచ్చి తాళపుచెవి త్రిప్పునప్పుడు కారు మూగనోము పట్టి యుండుట అరుదైన సంగతి కాదు. ఎండను నిందించుట సులభము. గల్ఫు వేడిమి బ్యాటరీల ఆయువును హరించునన్నది సత్యమే. అయినను ఆపిన కారులో కరెంటును దొంగిలించునది ఏదైన ఉండవచ్చును గనుక, నిందకు ముందు కొలత ఉండవలెనని తలచి, ఆ కరెంటును కొలుచుటకు నేనొక తీగను స్వయముగా చేసికొంటిని.

వోల్టేజి నెరుగుటకు బ్యాటరీ ధ్రువములకు మల్టీమీటరు కొనలను తాకించి ప్రక్కన నిలిచిన చాలును. కరెంటు అట్లు పట్టుపడదు. ప్రవహించునదంతయు మీటరు గుండా పోవునట్లు, దారిని తెంచి దానిని నడుమ నిలుపవలెను. ఫ్యూజు ఉండు చోటు అందులకు తగినది. కావున కాలిపోయిన బ్లేడు ఫ్యూజు నొకదానిని తీసికొని, దాని రెండు కాళ్లకు రెండు వైర్లను టంకముతో అతికి, ఒక వైరు నడుమ హోల్డరును చేర్చి, కారునుండి తీసివేసిన ఫ్యూజు సామర్థ్యమును గాని మీటరు ఓర్చు 10 ఆంపియర్లను గాని మించని క్రొత్త ఫ్యూజును అందులో ఉంచి, వైర్ల రెండవ కొనలను మీటరుకు తగిలించితిని.

తీగను పొడవుగా చేయుటకు కారణము కలదు. నేటి కార్లలోని కంప్యూటర్లు కారు నాపిన వెంటనే నిద్రింపవు. కొన్నింటికి అరగంటయు, కొన్నింటికి అంతకు మించియు పట్టును. ఫ్యూజు తీసి తీగ నుంచినను, తలుపు తెరచినను, అవి మేల్కొని మరల కరెంటు త్రాగును. తొలి అంకె నమ్మదగినది కాదు. అందుచే మీటరును వెలుపల నుంచి, తలుపు మూసి, రాత్రి చల్లదనమున వేచియుండవలెను. ఈ ఊరు ముత్యములపై బ్రదికిన కాలమున గల్ఫు వర్తకులు రంధ్రములు క్రమముగా సన్నగిల్లు ఇత్తడి జల్లెడలతో ముత్యములను వేరుపరచెడివారు. కొలువవలసిన వస్తువును బట్టి సాధనమును మలచుకొనుట ఇచ్చటి పాత విద్యయే.

డిక్కీలో ఆరక వెలుగు 5 వాట్ల బల్బు ఒక్కటి సుమారు 0.4 ఆంపియరు లాగి, 60 ఆంపియర్-గంటల బ్యాటరీని ఆరు దినములలో హరించును. మెకానిక్కులు సాధారణముగా నిర్దోషమని విడిచిపెట్టు 50 మిల్లీఆంపియర్లు సైతము 30 దినములలో 36 ఆంపియర్-గంటలగును. కనుక విమానమెక్కుటకు ముందు ఋణధ్రువమును విప్పిపోవుట మేలు. అయితే కేవలము విప్పి పోయినవానికి బ్యాటరీ నిలుచునే గాని, తన కారులో కరెంటు దొంగ ఉన్నాడో లేడో తిరిగి వచ్చిన పిమ్మటను తెలియదు. నేనును విప్పుదును, కొలిచిన తరువాతనే.