కంజీర వినబడాలంటే

చెవి రంధ్రంలోకి దూర్చుకునే ఇయర్‌ఫోన్లలో ఏది మంచిదన్న ప్రశ్నకు, కొనేవారు రోజూ ఏ సంగీతం వింటారో తెలియకుండా జవాబు చెప్పడం కుదరదు. జాతర పలకల మోతను నిండుగా వినిపించే పరికరమే కచేరీలో కంజీరను మింగేయవచ్చు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల శ్రోతకు ఈ చిక్కు మరీ ఎక్కువ. శాస్త్రీయ గానం, గంగమ్మ జాతర పలకలు, మహాభారత ఉత్సవాల హరికథలు, వీధినాటకాలు, మూడు భాషల సినిమా పాటలు అక్కడ ఒకే చెవిన పడుతుంటాయి.

పుంగనూరులో 1898లో పుట్టి, 1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి పురస్కారం అందుకున్న చిత్తూరు సుబ్రహ్మణ్యపిళ్లై, కాంచీపురం నాయనపిళ్లై శిష్యుడు. నాయనపిళ్లై కచేరీలో వయొలిన్, మృదంగాలతో పాటు కంజీర, ఘటం, మోర్సింగు, నోటితో జతులు పలికే కొన్నక్కోలు కూడా వేదికెక్కేవి కనుక దానికి ‘ఫుల్ బెంచ్’ కచేరీ అన్న పేరు వచ్చింది. లయ మీద అంతగా నిలబడిన ఆ బాణీని వినేవారికి ఏ దెబ్బ ఏ వాద్యానిదో విడిగా తెలియాలి. మృదంగం కుడి మూతకు పూసే నల్లటి మందు వల్ల దాని నాదంలోని ఉపస్వరాలు మూలస్వరంతో శ్రుతి కలుస్తాయని సి.వి. రామన్ 1920లో వివరించారు. ఎడమ వైపు తొప్పి మాత్రం గుమ్మని మంద్రంగా మోగుతుంది. మంద్రధ్వని బలంగా ఉంటే తనకన్నా పై స్థాయి ధ్వనిని కప్పేయడం చెవి స్వభావం. అందువల్ల బాస్, అంటే మంద్రస్థాయి, పెంచిన ఇయర్‌ఫోన్‌లో తొప్పి గుమ్మనే మోత పక్కకు పాకి, ఘటం మీద వేళ్ల ఆటను, కంజీర అంచున గలగలలాడే బిళ్లలను కప్పేస్తుంది. ఈ సంగీతానికి ‘ఎక్స్‌ట్రా బాస్’ అని డబ్బా మీద రాసి ఉండడం సుగుణం కాదు, హెచ్చరిక.

పాత గ్రామఫోను రికార్డుల సంగతి ఇంకొక రకం. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ రికార్డులో ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. గానం ఎక్కువగా మధ్యస్థాయిలోనే నిలిచి, పైన సూది గీసే బుసబుస పరుచుకుని ఉంటుంది. ట్రెబుల్, అంటే తారస్థాయి, ఎక్కువైన ఇయర్‌ఫోన్ ఆ బుసను గాయకుడి కన్నా ముందు నిలబెడుతుంది. రాగమూ మాటలూ నివసించేది మధ్యస్థాయిలోనే. ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలతను హెర్ట్జ్ అంటారు. మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా వినిపించగలిగినా, 300 నుంచి 3,400 వరకు మాత్రమే మోసిన పాత టెలిఫోన్‌లో సైతం పాట గుర్తుపట్టడానికి ఇబ్బంది ఉండేది కాదు. 1919లో మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమన పాడినప్పుడు మార్గరెట్ కజిన్స్ చెవితో పట్టి స్వరలిపిలో పెట్టింది ఈ మధ్యస్థాయిలోని వరుసనే. హరికథలు, పద్యాలు, లలిత గీతాలు ప్రధానంగా వినేవారు అన్నిటికన్నా ముందు చూడవలసింది ఇక్కడి నిజాయితీని.

పలకలకు బాస్ ఒక్కటీ చాలుననుకోవడం పొరపాటు. వాయించే ముందు మంట దగ్గర కాచి తోలును బిగించేది పుల్ల దెబ్బ చురుక్కున తగలడానికే. ఆ చురుకు రెండు వేల హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది కనుక, అది మొద్దుబారిన ఇయర్‌ఫోన్‌లో జాతర మేళం గోడ అవతల మోగినట్టుంటుంది. ఇళయరాజా పాటల్లో బాస్ గిటారు నడకను వెంబడించేవారి అవసరం వేరు: ఆ వాద్యపు అడుగు తీగ 41 హెర్ట్జ్‌ల దగ్గర పలుకుతుంది కాబట్టి, అంత కిందికి దిగుతూనే 200 చుట్టుపక్కల ఉబ్బిపోని పరికరం కావాలి.

ధ్వనిని పుట్టించే లోపలి భాగాన్ని డ్రైవర్ అంటారు. పలుచటి పొర కదిలి గాలిని తోసేది డైనమిక్ డ్రైవర్. వినికిడి యంత్రాల నుంచి వచ్చిన బుల్లి పరికరం బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్. రెండవదానితో ఎటిమోటిక్ సంస్థ 1991లో తెచ్చిన ఈఆర్-4 ఇప్పటికీ స్పష్టతకు పేరున్న మోడల్. అయినా డ్రైవర్ల సంఖ్యను చూసి డబ్బు పెట్టడం వృథా, ఎందుకంటే అసలు తేడా చెవికి అమరడంలో ఉంది. సిలికాన్ టోపీ చెవి గోడకు ఆనకపోతే బాస్ సందులోంచి కారిపోయి, ఎంత ఖరీదైనదైనా పలచగా కీచుమంటుంది. అందుకే డబ్బాలో మూడు సైజులిస్తారు. కుడి చెవికీ ఎడమ చెవికీ వేర్వేరు సైజులు పట్టడమూ మామూలే. సరిగ్గా ఆనినప్పుడు బస్సు ఇంజను రొద తగ్గి, వాల్యూమ్ పెంచే అవసరమూ తగ్గుతుంది. 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది; ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ గడువు సగానికి పడిపోతుంది.

దుకాణంలో రెండింటిని పోల్చేటప్పుడు చాలామంది మోసపోయేదీ వాల్యూమ్ దగ్గరే, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే మేలైనదిగా తోస్తుంది. రెండింటినీ ఒకే స్థాయికి తెచ్చి, అమ్మేవారు పెట్టే హోరు పాటను పక్కనపెట్టి, ఏళ్లుగా విన్న ఒక తనిఆవర్తనం, అంటే లయవాద్యాలు మాత్రమే సాగించే ఘట్టం, వినాలి. కంజీర ఎక్కడ అందుకుందో వెతుక్కోవలసి వస్తే ఆ జత తిరిగి ఇచ్చేయవచ్చు.