చెప్పిన పాఠం – అప్పజెప్పని పాఠం: కల్లూరు, భద్రాచలం ప్రాంతాల నేపథ్యంలో డిజిటల్ తెలుగు బోధన పరిశీలన

వ్యాససంగ్రహం:

దూరదర్శన్ పాఠాలు, క్యూఆర్ కోడ్‌లు, ట్యాబులు, డిజిటల్ బోర్డులు నేడు తెలుగు రాష్ట్రాల బడుల్లో పాఠ్యపుస్తకం సరసన చేరాయి. వీటిపై జరుగుతున్న చర్చ ఎక్కువగా పరికరాల లభ్యత చుట్టూ తిరుగుతోంది. డిజిటల్ పాఠాన్ని ఒక రచనగా స్వీకరించి, అందులో వక్త ఎవరు, ఉద్దిష్ట శ్రోత ఎవరు, శ్రోత ఇచ్చే బదులుకు చోటు ఎక్కడ అనే ప్రశ్నలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఖమ్మం జిల్లా కల్లూరు మొదలుకొని భద్రాచలం అడవుల వరకు విస్తరించిన బహుభాషా ప్రాంతాన్ని ఇందుకు నేపథ్యంగా తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: డిజిటల్ పాఠం, తెలుగు బోధన, ఉద్దిష్ట శ్రోత, ప్రతిస్పందన, కోయ భాష, కల్లూరు, భద్రాచలం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ఉపాధ్యాయుడు పాఠం "చెబుతాడు". విద్యార్థి దానిని "అప్పజెబుతాడు". ఈ రెండు క్రియల జంటలోనే బోధనను గురించిన ఒక ఆలోచన ఇమిడి ఉంది. పాఠం ఒకరి నోటితో ముగిసేది కాదు. అది రెండోవారి నోటి ద్వారా తిరిగి వచ్చినప్పుడే పూర్తవుతుంది. కాలక్రమంలో అప్పజెప్పడమంటే కంఠస్థం చేసినది వల్లించడమనే అర్థం స్థిరపడిన మాట నిజమే. అయినా విద్యార్థి గొంతు వినబడనిదే పాఠం పూర్తికాదన్న మూలభావం ఆ మాటలో మిగిలే ఉంది.

సాంకేతికత తరగతి గదిలోకి వచ్చిన ప్రతిసారీ ఈ రెండింటిలో మొదటి సగం బలపడింది. దూరాన ఉన్న నిపుణుని గొంతు మారుమూల బడికి చేరింది. రెండో సగం, అంటే విద్యార్థి బదులు, ఏమైందన్నదే ఇక్కడి ప్రశ్న. గణితంలో, విజ్ఞానశాస్త్రంలో సరైన జవాబును ఎంచుకోవడం ద్వారా కొంత మేరకు బదులు దొరకవచ్చు. భాషా బోధనలో విద్యార్థి సొంత వాక్యమే అసలు ఫలితం. అందుచేత డిజిటల్ పాఠం బలాన్ని, పరిమితిని తూచడానికి తెలుగు తరగతి తగిన చోటు.

2. తెర మీది పాఠానికి పూర్వచరిత్ర:

తెలుగులో తెర మీది పాఠం కొవిడ్ కాలంలో పుట్టినది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఇస్రో 'సైట్' పేరుతో ఉపగ్రహ బోధనా ప్రయోగాన్ని నిర్వహించింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ఆ రాష్ట్రాల్లో ఒకటి, తెలుగు ఆ ప్రసార భాషల్లో ఒకటి. ఉదయపు ప్రసారాలను బడిపిల్లల కోసం కేటాయించారు. ఉమ్మడి రాష్ట్రంలోని మన టీవీ, తెలంగాణలో 2017 నుంచి నడుస్తున్న టీ-శాట్ ఈ పరంపరకు కొనసాగింపులు. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం 'దీక్ష' వేదికను ప్రారంభించింది. పాఠ్యపుస్తకాల పుటల మీద క్యూఆర్ కోడ్‌లు కనిపించడం ఆ తరువాతి పరిణామం.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. తెలంగాణ ప్రభుత్వం 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా డిజిటల్ తరగతులను ప్రారంభించింది. ఇంటింటా స్మార్ట్‌ఫోన్ లేని పరిస్థితిలో టెలివిజన్‌ను ఎంచుకోవడం ఆచరణాత్మకమైన నిర్ణయం. బడి పూర్తిగా ఆగిపోయిన కాలంలో ఆ పాఠాలు చేసిన మేలును ఏ విమర్శా కాదనలేదు. అయితే ఆపత్కాలంలో ఏర్పరచుకున్న పద్ధతి సాధారణ కాలంలోనూ నమూనాగా నిలిచినప్పుడు దానిని తిరిగి పరిశీలించవలసి ఉంటుంది. 2022 మార్చిలో మొదలైన 'మన ఊరు – మన బడి' కార్యక్రమంలోని పన్నెండు అంశాల్లో డిజిటల్ వసతి ఒకటి కావడం ఈ మార్పునకు గుర్తు.

3. నేపథ్యం – ఒక దారి, పలు భాషలు:

కల్లూరు ఖమ్మం జిల్లాలోని రెవెన్యూ డివిజన్ కేంద్రం. వైరా, తల్లాడ దాటి సత్తుపల్లి వైపు సాగే దారిలో ఉంది. ఇక్కడి వ్యవహారభాషలో తెలంగాణ మాండలికపు నుడికారం, పొరుగున ఉన్న కృష్ణా ప్రాంతపు నుడికారం కలగలసి వినిపిస్తాయి. తండాల్లో లంబాడీ మాట్లాడతారు. అశ్వారావుపేట, దమ్మపేటల మీదుగా భద్రాచలం వైపు వెళ్లే కొద్దీ అడవి చిక్కబడుతుంది, కోయ వినబడుతుంది. లంబాడీ ఇండో-ఆర్య భాష. కోయ గోండీకి దగ్గరి ద్రావిడ భాష. ఈ దారి పొడవునా బడిభాష మాత్రం ఒకటే, ప్రమాణ తెలుగు. కొందరు పిల్లలకు అది ఇంటిభాషకు దగ్గరి రూపం. మరికొందరికి బడిలోనే మొదటిసారి ఎదురయ్యే భాష.

2014 రాష్ట్ర విభజన ఈ ప్రాంతానికి మరొక విశేషాన్ని చేర్చింది. పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఒకే భాష మాట్లాడే కోయ పిల్లలు రెండు రాష్ట్రాల విద్యావిధానాల కిందికి వచ్చారు. ఒకవైపు టీ-శాట్ పాఠాలు. మరొకవైపు 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు మొదలుపెట్టిన ట్యాబుల పంపిణీ. బైజూస్ పాఠాలతో కూడిన ఆ ట్యాబులు రాష్ట్రం మొత్తం మీద ఐదు లక్షలకు పైగా. రెండు రాష్ట్రాలు ఎంచుకున్న పరికరాలు వేరు. వాటి వెనుక ఉన్న అవగాహన మాత్రం ఒకటే: పాఠం అనేది అందజేయవలసిన వస్తువు.

4. ఉద్దిష్ట శ్రోత ఎవరు?

ప్రతి రచనకూ ఒక ఉద్దిష్ట పాఠకుడు ఉన్నట్లే డిజిటల్ పాఠానికీ ఒక ఉద్దిష్ట శ్రోత ఉంటాడు. రాష్ట్రమంతటికీ ఒకే పాఠాన్ని రూపొందించేవారు ఒక సగటు విద్యార్థిని ఊహించుకోక తప్పదు. ఆ ఊహలోని విద్యార్థికి ప్రమాణ తెలుగు ఇంట్లోనే వచ్చి ఉంటుంది. అతడు వక్త వేగాన్ని అందుకోగలడు. అతనికి తెలియనిది పాఠ్యాంశమే తప్ప పాఠం చెప్పే భాష కాదు.

ఈ ఊహ ఎక్కడ బెసుకుతుందో ఒక్క చిన్నమాట చూపగలదు. 'ఏరు' అంటే తెలుగులో చిన్న నది, ప్రవాహం. కోయలో 'ఏరు' అంటే నీరు. రెండూ ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చిన మాటలు. 'ఏరు పొంగింది' అనే వాక్యం వినగానే కోయ బాలుడికి ఆ మాట కొత్తగా తోచదు, కనుక సందేహం కూడా కలగదు. తెలియని మాట ఎదురైతే పిల్లవాడు ఆగుతాడు. తెలిసిన మాట వేరొక అర్థంలో వస్తే ఆగకుండా సాగిపోతాడు. ఆ పొరపాటు బయటపడాలంటే 'ఏరంటే ఏమిటి?' అని ఎవరో ఒకరు అతణ్ణి అడగాలి, అతడు చెప్పేది వినాలి. ప్రసార పాఠానికి ఆ వీలు లేదు. తరగతిలో ఉన్న ఉపాధ్యాయుడు ఆ ప్రశ్న వేస్తే, రెండు భాషల చుట్టరికాన్ని చూపే చక్కటి పాఠం అక్కడికక్కడే పుడుతుంది. అడిగేవారు లేకపోతే ఆ బాలుడి మౌనం అవగాహనగా లెక్కకెక్కుతుంది.

ఈ విషయంలో తెలుగువారికి గొప్ప పూర్వాదర్శం ఉంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవర పిల్లల చదువు కోసం ముందుగా తాను సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన దృష్టిలో బోధన శ్రోత భాషను వినడంతో మొదలవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, సవర, బంజారా మొదలైన ఎనిమిది భాషల్లో చేపట్టిన మాతృభాషాధారిత బహుభాషా విద్యాకార్యక్రమం ఆ దారిలోదే. తెలుగు లిపిలో కోయ వాచకాలు అందులో భాగంగా వచ్చాయి. ముద్రణలో వేసిన ఆ అడుగు తెర మీది పాఠానికి మార్గదర్శకం కాకపోవడం ఆలోచించవలసిన విషయం. వేలాది ప్రతులు అచ్చువేయడం కన్నా ఒక కోయ వివరణను ధ్వనిముద్రణ చేసి పాఠానికి జోడించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని.

5. పాఠ్యపుస్తకం విడిచిన చోటు:

తెలంగాణ ఉన్నత పాఠశాల తెలుగు వాచకాల్లో పాఠం మధ్యలో 'ఆలోచించండి – చెప్పండి' అనే ప్రశ్నలు వస్తాయి. పాఠం చివర 'అవగాహన – ప్రతిస్పందన', 'వ్యక్తీకరణ – సృజనాత్మకత' అనే విభాగాలు ఉంటాయి. ఈ శీర్షికలే వాచకం స్వభావాన్ని చెబుతున్నాయి. పాఠం మధ్యలో ఆగి, విద్యార్థి మాట కోసం చోటు విడిచిన రచన అది. ముద్రిత పుటకు తొందర లేదు. ప్రశ్న దగ్గర తరగతి ఎంతసేపు ఆగినా పుస్తకం ఎదురుచూస్తుంది.

ప్రసార పాఠానికి నిర్ణీత వ్యవధి ఉంటుంది. అందులో 'ఆలోచించండి – చెప్పండి' అన్న ప్రశ్న వచ్చినా, కొద్ది క్షణాలకే వక్త తానే జవాబు చెప్పవలసి వస్తుంది. ప్రశ్న అలంకారంగా మిగిలిపోతుంది. ఇది వక్త ప్రతిభలోని లోపం కాదు, ఆ మాధ్యమ స్వభావం. ట్యాబు ఈ పరిమితిని ఒక మేరకు తొలగించింది. విద్యార్థి పాఠాన్ని ఆపవచ్చు, వెనక్కి తిప్పి మళ్లీ వినవచ్చు. వేగం అతని చేతిలోకి వచ్చింది. బదులు మాత్రం నాలుగు జవాబుల్లో ఒకదాన్ని తాకడం దగ్గరే ఆగింది. ఎంపిక వేరు, వ్యక్తీకరణ వేరు. ఒక కథలోని పాత్ర చేసిన పని న్యాయమేనా అన్న ప్రశ్నకు బడి ఆశించేది సరైన ఐచ్ఛికాన్ని కాదు, నాలుగు వాక్యాల సమర్థనను.

పద్యబోధన విషయంలో పరిస్థితి మరింత స్పష్టం. మంచి గొంతుతో, యతిస్థానం చెడకుండా, పదవిభాగం తెలిసేలా చదివిన పద్యాన్ని డిజిటల్ పాఠం ఎన్నిసార్లయినా వినిపించగలదు. పద్యపఠనంలో శిక్షణ లేని ఉపాధ్యాయునికి సైతం ఇది పెద్ద ఆసరా. ఇక్కడ సాంకేతికత ఇచ్చేది నిజమైన లాభం. కాని పద్యం విద్యార్థి నోట పలికినప్పుడే అతనిదవుతుంది. ఆ పలుకును విని, ఇక్కడ ఆగు, ఇక్కడ కలుపు అని దిద్దే చెవి అవసరం. పద్యం వినిపించే పరికరం బడికి వచ్చింది. పద్యం వినే ఏర్పాటు కూడా రావాలి.

6. వినే యంత్రం – కొత్త ఆశ, కొత్త సందేహం:

2025లో తెలంగాణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చదవడం, లెక్కలు చేయడం వంటి మౌలిక సామర్థ్యాల కోసం కృత్రిమ మేధ ఆధారిత బోధన మొదలైంది. విద్యార్థి చదివేది యంత్రం విని దిద్దగల కాలం దగ్గరపడింది. ఇంతవరకు చెప్పడానికే పరిమితమైన తెర అప్పజెప్పించుకునే దశకు చేరడం ముఖ్యమైన మలుపు.

అయితే యంత్రం ఏ తెలుగును ప్రమాణంగా పెట్టుకుని వింటుందన్నది ప్రధానమైన ప్రశ్న. దేశ్య ద్రావిడ పదాల్లో మహాప్రాణాలు లేవు. కోయ పిల్లల నోట 'భాష' 'బాస'గా, 'ధనం' 'దనం'గా పలకడం సహజం. వ్యవహారంలో చాలామంది తెలుగువారు పలికే తీరు కూడా అదే. దానిని చదవలేకపోవడంగా గుర్తిస్తే, అర్థం తెలిసి ధారాళంగా చదివిన పిల్లవాడు వెనుకబడినవాడి జాబితాలో చేరతాడు. అనుభవం ఉన్న ఉపాధ్యాయుడు ఉచ్చారణ భేదాన్ని, పఠనలోపాన్ని వేరుచేసి చూడగలడు. ఈ విచక్షణ సాధనానికి అలవడాలంటే, దాని రూపకల్పనలో ఈ ప్రాంతపు గొంతులు చేరాలి, భాషాశాస్త్రం చదివినవారి పాత్ర ఉండాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, కళాశాల అధ్యాపకులు తమ పరిధిలోనిదిగా గుర్తించవలసిన పని ఇది.

7. వాదం – ప్రతివాదం:

ఒక్కరే ఉపాధ్యాయుడున్న బడిలో, భాషోపాధ్యాయుని ఖాళీ నిండని బడిలో డిజిటల్ పాఠమే దిక్కు కదా అన్న వాదాన్ని తేలికగా తీసుకోరాదు. ఏ పాఠమూ అందకపోవడం కన్నా తెర మీది పాఠం మేలే. కాని ఈ వాదం పాఠం వాడకాన్ని సమర్థిస్తుందే తప్ప, ఖాళీని ఖాళీగా ఉంచడాన్ని సమర్థించదు. ఉపాధ్యాయుడు లేని చోటనే పిల్లల ఇంటిభాషకు, బడిభాషకు మధ్య దూరం ఎక్కువగా ఉండటం ఈ అటవీ ప్రాంతపు వాస్తవం. బదులు వినే మనిషి అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడికి తెర ఒంటరిగా చేరుతోంది. 2020 జాతీయ విద్యావిధానం ఒకవైపు వీలైనంత వరకు కనీసం ఐదో తరగతి దాకా మాతృభాషలో బోధించాలని, మరొకవైపు సాంకేతికతను సమానత్వంతో వినియోగించాలని సూచించింది. ఈ రెండు సూచనలను వేర్వేరు శాఖల పనిగా విడదీయడం వల్లనే వాటి మధ్య పొత్తు కుదరలేదు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. ప్రసార పాఠం విద్యార్థికి వేగంపై గాని, బదులుపై గాని అధికారం ఇవ్వదు. ట్యాబు వేగాన్ని ఇస్తుంది, బదులును ఎంపికకు కుదిస్తుంది. ఉపాధ్యాయుని చేతిలో ఉన్న డిజిటల్ బోర్డు రెండింటికీ వీలు కల్పిస్తుంది, ఆయన దానిని ఆపినప్పుడు మాత్రమే. కాబట్టి ఉపాధ్యాయ శిక్షణలో పరికరాన్ని నడపడంతో పాటు ఎక్కడ ఆపాలో కూడా నేర్పాలి. పాఠం రూపొందించే దశలోనే ఆ ఆపవలసిన చోట్లను గుర్తించి, తరగతికి వదిలిపెట్టాలి. కోయ, లంబాడీ వివరణలను ధ్వనిరూపంలో జోడించాలి. తరగతి గదిలోని ఫోన్‌ను పాఠం వినిపించడానికి ఎంతగా వాడతారో, పిల్లలు చదివిన పద్యాన్ని, చెప్పిన కథను ముద్రించి తిరిగి వినిపించడానికి అంతగా వాడాలి.

డిజిటల్ బోధన ఫలితాలను ఎన్ని పాఠాలు ప్రసారమయ్యాయి, ఎన్ని పరికరాలు చేరాయి అన్న లెక్కలతో కొలవడం సులువు. తెలుగు తరగతికి సరిపోయే కొలత వేరు. పాఠం పూర్తయ్యాక కల్లూరు తండాలోని బాలిక, చింతూరు అడవిలోని బాలుడు తమంతట తాము ఎన్ని వాక్యాలు మాట్లాడగలిగారన్నదే ఆ కొలత.