జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్: చప్పుడు విని జబ్బు చెప్పే విద్య

జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్ చప్పుడు గిట్టనివాళ్ళు చేసిన ఇంజన్. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కోవెంట్రీ ఫ్యాక్టరీ పైన రాత్రిళ్ళు బాంబులు పడి మంటలు లేస్తాయేమోనని కాపలా కాస్తూ విలియం హేన్స్, వాల్టర్ హాసన్, క్లాడ్ బెయిలీ దీని గురించే మాట్లాడుకునేవారట. పుష్‌రాడ్లతో ఒక నమూనా కట్టి చూశారు. వాల్వుల మోత ఎక్కువగా ఉందని దాన్ని వదిలేసి, హెడ్ మీదే రెండు క్యామ్‌షాఫ్టులు పెట్టారు. హెడ్ రూపు దిద్దడంలో హ్యారీ వెస్లేక్ చెయ్యి ఉంది. 1948లో ఎక్స్‌కే120 కారుతో అది లోకానికి కనబడింది.

దాని సత్తా తెలియాలంటే 1952లో పారిస్ దగ్గరి మోంట్‌లెరీ ట్రాక్‌కి వెళ్ళాలి. స్టిర్లింగ్ మోస్, లెస్లీ జాన్సన్, బెర్ట్ హ్యాడ్లీ, జాక్ ఫెయిర్‌మన్ వంతులేసుకుని ఒక ఎక్స్‌కే120ని ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నడిపారు. సగటు వేగం గంటకు వంద మైళ్ళ పైనే! అన్ని రోజులు అన్ని వాల్వులూ అంత వేగంతో తెరుచుకుని మూసుకోవడమంటే మాటలా? 1951 నుంచి 1957 లోపు లె మాన్ రేసును ఐదుసార్లు గెలిచిన కార్లలో ఉన్నదీ ఈ ఇంజనే.

అలాంటి ఇంజన్ టకటకమంటుంటే దానికి ఖచ్చితంగా ఒక కారణం ఉంటుంది. ‘పాత బండి కదా, మామూలే’ అనే మెకానిక్ దగ్గర బండి వదలకండి.

ముందు ఆ చప్పుడు వాల్వులదేనా అని తేల్చుకోవాలి. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ తిరిగేది ఒక్క చుట్టే. నిమిషానికి 800 చుట్ల ఐడ్లింగ్‌లో ఒక వాల్వు 400 సార్లే కొడుతుంది. టైమింగ్ లైటును ఒక ప్లగ్గు తీగకి తగిలిస్తే అది మెరిసేదీ ఆ లెక్కనే. మెరుపుకొక దెబ్బ పడుతుంటే పైభాగాన్ని అనుమానించాలి, రెండు పడుతుంటే కిందికి చూడాలి. తర్వాత పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో చోటా వినడం. అంబాసిడర్, ఫియట్ల కాలపు మన మేస్త్రీలకీ తెలిసిన పనే ఇది.

చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమని, వేడెక్కాక తగ్గేది చాలాసార్లు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గాస్కెట్ లీకు. ముందువైపు గలగల వినిపిస్తే పై టైమింగ్ చైన్ వదులైందేమో చూడాలి. బ్రీదర్ మూత తీస్తే దాన్ని బిగించే ఏర్పాటు అక్కడే ఉంటుంది. అసలు భయపడాల్సింది వేడెక్కాక మొదలయ్యే బరువైన దెబ్బకి. టాపెట్ గైడు ఇనుము, హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఎక్కువ సాగుతుంది కాబట్టి గైడు పట్టు వదిలి పైకి లేస్తుంది, తిరిగే క్యామ్ దాని అంచుని కొడుతుంది. విరిగితే ముక్కలు లోపల పడతాయి. గైడు లేవకుండా పైనుంచి పట్టీలు బిగించడమే దీనికి మందు.

ఇవేవీ కాకపోతే మిగిలేది టాపెట్ గ్యాప్, అంటే క్యామ్‌కీ టాపెట్‌కీ మధ్య ఉండే సందు. నాకు ఈ ఇంజన్ మీద పిచ్చి పట్టించింది ఇదే! ఇందులో తిప్పి సరిచేసే స్క్రూ లేదు. బకెట్ లాంటి టాపెట్ కింద, వాల్వు కాడ మీద చిన్న ఉక్కు బిళ్ళ, అంటే షిమ్ ఉంటుంది. దానికి అక్షరం పేరు: ‘ఎ’ అంటే అంగుళంలో 85 వెయ్యో వంతులు, అక్షరానికొకటి చొప్పున పెరుగుతూ ‘జెడ్’ 110. 1961లో వచ్చిన 3.8 లీటర్ల ఈ-టైప్‌కి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఇన్‌టేక్ గ్యాప్ అదే కొలతలో 4, ఎగ్జాస్ట్‌ది 6 ఉండాలి. 4 ఉండాల్సిన చోట 9 వచ్చి, లోపలున్నది ‘డి’ అయితే, ఐదక్షరాలు ముందుకెళ్ళి ‘ఐ’ వేయాలి. షిమ్ మార్చాలంటే క్యామ్‌షాఫ్ట్ విప్పాల్సిందే. కాబట్టి పనితనమున్నవాడు పన్నెండు వాల్వుల గ్యాపులూ ముందే కొలిచి రాసుకుంటాడు, షాఫ్ట్ విప్పాక ప్రతి షిమ్‌నీ మైక్రోమీటరుతో చూస్తాడు, లెక్క కట్టి ఒక్కసారికే బిగిస్తాడు. ఒక క్యామ్‌షాఫ్ట్‌ని విడిగా తిప్పితే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు ఒకదానికొకటి తగిలి వంగుతాయని వాడికి తెలుసు. అలాంటి చేతులకి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ చేతులు తగ్గిపోతున్నాయి. వాటి స్థానంలో సీసాలొచ్చాయి. చిక్కటి ఆయిల్ పోసి, ఏదో మందు కలిపి, ‘సౌండ్ పోయింది సార్’ అంటారు. అరిగిన భాగం అలాగే అరుగుతూనే ఉంటుంది. ఇంకా దుర్మార్గం, నిశ్శబ్దం కోసం గ్యాప్‌ని చెప్పినదానికన్నా తగ్గించి బిగించడం. వేడెక్కిన ఎగ్జాస్ట్ వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. కూర్చోకపోతే దాని వేడి హెడ్‌లోకి దిగదు, అంచు మాడిపోతుంది. నాకు తెలిసిన ఒక బండి ఇలాగే ఎంతో సైలెంటుగా బయటికొచ్చి, కొన్నాళ్ళకే హెడ్ దింపించుకుంది. అది రిపేరు కాదు, మోసం. గ్యాప్‌ని వాటంతటవే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లే మేలనేవాళ్ళతో నేను ఏకీభవించను. వాటిలో సౌకర్యం ఉంది, కాదనను. కానీ కొలిచి, లెక్కేసి, చేత్తో సాధించిన నిశ్శబ్దం ముందు అవి నాకు ఆనవు.

మీ దగ్గర ఈ ఇంజన్ ఉంటే ఒక్కటే వేడుకోలు. షిమ్‌లు మార్చామని ఎవరైనా అంటే, పన్నెండు గ్యాపులూ ముందెంత, తర్వాతెంత అని రాసిన కాగితం అడగండి. అది చూపించలేనివాళ్ళని ఇంకోసారి క్యామ్ కవర్ నట్ల మీద చెయ్యి వేయనివ్వకండి.