రంగరాయచరిత్రమును చందుర్తి యుద్ధమును

బొబ్బిలి కథ వినని తెలుగువాడు అరుదు. అనకాపల్లికి చేరువనే యున్న కశింకోటలో 1758వ సంవత్సరము నవంబరు నెలలో రెండు సైన్యములు కలిసికొన్న సంగతి నెఱిగినవాడు అంతకంటెను అరుదు. మొదటిదానికి దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము కలదు. పెద్దాడ మల్లేశము పేర వెలసిన జంగము కథ కలదు. వేదము వేంకటరాయశాస్త్రిగారి నాటకము కలదు. 1964లో వెలువడిన చలనచిత్రమును గలదు. రెండవదానికి చరిత్రగ్రంథముల పుటలే శరణ్యము. అట్లు లోకమున వ్యాపించిన కావ్యము లేదు. ఇవి రెండును వేర్వేఱు కథలైనచో చింత లేదు. అవి యొకే కథయొక్క పూర్వోత్తరభాగములు. పూర్వభాగమునే పాడి యుత్తరభాగమును విడిచిన సాహిత్యమువలన చదువరి యేమి పొందుచున్నాడు, ఏమి గోల్పోవుచున్నాడు అనునది విచారింపదగియున్నది.

యుద్ధమును గూర్చిన రచనకు కొలతబద్దను పరదేశములనుండి తెచ్చుకొన బనిలేదు. ఆంధ్రమహాభారతమే చాలును. అందు రణమునకు గారణము లుద్యోగపర్వమున దేటపడును. రణము భీష్మాది పర్వములలో నడచును. రాత్రివేళ పగ దీర్చుకొనుట సౌప్తికమున గానబడును. శవములనడుమ స్త్రీల రోదనము, గెలిచినవాని పశ్చాత్తాపము, రాజ్యభారము పిమ్మటి పర్వములలో వచ్చును. తిక్కన దుర్యోధనుని తొడ విఱుగుటతో గలము దించలేదు. ఏల పుట్టెను, ఎట్లు జరిగెను, ఏమి మిగిల్చెను అను మూటికిని బదులు చెప్పినగాని యుద్ధకథ ముగియదని తెలుగు పాఠకుడు ఆనాడే నేర్చెను. పల్నాటి కథయును గోడిపందెమునుండి కార్యమపూడి రణరంగము వఱకు పగ పెరిగిన తెఱగు చూపినదే.

ఈ కొలతతో రంగరాయచరిత్రమును జూడవలెను. కవికి బొబ్బిలి రణము రెండు వంశముల మాత్సర్యమువలన బుట్టినది. నాయకునకు మానము ప్రాణాధికము. శత్రువు పరబలమును దెచ్చినవాడు. వీరకావ్యమున కింతకంటె దగిన వస్తువు దొరకదు. రంగారావు చావు, కోటలోని స్త్రీబాలుర సంహారము, తాండ్ర పాపారాయని ప్రతీకారము అనువానిచే వీరమును గరుణమును ఒండొంటి నతిశయించును. కవికి గల కీర్తి యకారణము కాదు. ఇందు సౌప్తికము వఱకు గల భారతము కలదు. కొఱతపడినవి మొదటి యుద్యోగమును, చివరి స్త్రీ శాంతి పర్వములును.

ఆ కొఱత యెంతటిదో చరిత్ర చెప్పును. 1753లో సలాబతుజంగు నాలుగు సర్కారులను ఫ్రెంచివారి కిచ్చెను. సైన్యమునకు జీతములు పెట్టుటకు బుస్సీకి వానిపై వచ్చు శిస్తు కావలెను. విజయరామరాజు రాజమహేంద్రవర శ్రీకాకుళ సర్కారులను అతనియొద్ద గుత్తకు గొనెను. బొబ్బిలివారికిని విజయనగరమువారికిని నీటి కాలువలనుగూర్చి తగవు లుండెనని ఓర్ము వ్రాసినాడు. మానమునకు మూలమున నీరును శిస్తును ఉన్నవన్నమాట. జంగము కథలో హైదరుజంగునకు లంచము ముట్టిన ప్రసంగము వచ్చును. పండితులు గ్రామ్యమని త్రోసివైచు నా కథ, ధనముయొక్క పాత్రను జూపుటలో బ్రౌఢకావ్యమునకు దీసిపోదు.

ఇంతకంటె దూరపు కారణ మొకటి కలదు. 1740వ దశకమున ప్రష్యారాజు రెండవ ఫ్రెడరిక్కు ఆస్ట్రియావారి సైలీషియా నాక్రమించెను. దానిని మరల గొనవలెనని ఆస్ట్రియా కూటములు కట్టెను. అమెరికాలోను ఇండియాలోను వర్తకరాజ్యములకై ఇంగ్లండు ఫ్రాన్సులు పెనగులాడుచుండెను. ఈ రెండు వైరములు నేకమై 1756లో మొదలైన యుద్ధము 1763 వఱకు సాగెను. దానినే సప్తవర్షసంగ్రామ మందురు. బొబ్బిలికోట 1757 జనవరి 24వ తేదీన గూలెను. ఆ యేడే బుస్సీ విశాఖపట్టణమున నాంగ్లేయుల స్థావరమును బట్టుకొనెను. కోటను ముట్టడించిన ఫిరంగులకు వెనుక నైరోపాఖండమంతయు నిలిచియుండెను. ఆ సంగతి కవికి దెలియనక్కఱలేదు, విమర్శకునకు దెలియవలెను.

కోట కూలిన మూడవనాటి రాత్రి పాపారాయడు విజయరామరాజును గుడారమున బొడిచి చంపెను. కావ్యమున నిది పగకు ముగింపు. చరిత్రలో నిదియే ఆరంభము. సంస్థానము ఆనందగజపతిరాజు చేతికి వచ్చెను. అతడు ఫ్రెంచివారియెడ విముఖుడై 1758లో విశాఖపట్టణమును వారినుండి లాగికొని, ఆంగ్లేయుల సాయము గోరెను. లాలీ దాడికి వెఱచుచున్న చెన్నపట్టణమువారు అంగీకరింపలేదు. వంగదేశమున నున్న క్లైవు మాత్రము, ఫ్రెంచిబలమును చెన్నపట్టణమునుండి మఱలింపవచ్చునని తలచి, కర్నలు ఫోర్డును ఓడలపై బంపెను. ఫోర్డు అక్టోబరులో విశాఖపట్టణమున దిగి, నవంబరు మొదట కశింకోటలో ఆనందరాజు శిబిరమును జేరెను. పిమ్మట కుదిరిన యొడంబడిక ప్రకారము సైన్యవ్యయమునకు రాజు నెలకు 50,000 రూపాయలు చెల్లింపవలెను. గెలిచిన భూమిలో లోనాడు రాజునకు, సముద్రతీరము కంపెనీకి. తీరము పోయినపిమ్మట లోనా డెవరి చేతిలో నుండునో ఆ పత్రమునకు సమ్మతించినవారు తలపోయలేదు.

డిసెంబరులో, నేడు కాకినాడ జిల్లాలో జేరిన చందుర్తియొద్ద, ఫోర్డు కాన్‌ఫ్లాను నెదిర్చెను. ఏపుగ బెరిగిన చేను ఆంగ్లేయుల తెల్లపటాలమును మఱుగుపఱచెను. ఎఱ్ఱదుస్తులు దొడిగిన సిపాయిలను జూచి ఫ్రెంచివారు వీరే యైరోపీయులని భ్రమించి వారిపై బడి, ప్రక్కనుండి వచ్చిన తెల్లపటాలమునకు జిక్కిరి. ఆనందరాజు సేనలు పోరున ముఖ్యభాగము వహింపలేదు. 1759 ఏప్రిలులో ఫోర్డు రాత్రివేళ మచిలీపట్టణపు కోట నెక్కెను; చెఱపడినవారు పట్టుకొన్నవారికంటె నెక్కువమంది. బెజవాడ దాక వచ్చిన సలాబతుజంగు మే నెలలో సంధి చేసికొనెను.

ఈ యుద్ధమున కేల కావ్యము పుట్టలేదు? కారణము కవుల సోమరితనము కాదు, కావ్యలక్షణమే. ధీరోదాత్తుడైన నాయకుడు కావలెను. చందుర్తిలో గెలిచినవాడు జీతమునకు వచ్చిన పరదేశి. పిలిచినవాడు వెనుక నిలిచినవాడు. చచ్చినవారిలో బెక్కురు పేరులేని సిపాయిలు. అలంకారశాస్త్రము నిర్మించిన పీఠముపై గూర్చుండ దగినవా డొక్కడును లేడు. కాన దేశము చేతులు మాఱిన దినము పాట లేక గడచిపోయెను; చేతులు మాఱని దినము పాటకెక్కెను.

కావ్యము చరిత్ర కాదు, రసమే దాని ఫలము, కాలువలు శిస్తులు అడుగరాదు అని కొంద రనవచ్చును. న్యాయమే. నారాయణకవి వ్రాయనిదానికి అతనిని దూఱుట తగదు. అయిన రసమును బట్టియే యోచించినను, పూర్ణకథయందలి కరుణము ఖండకథయందు లేదు. 1763లో పారిసు సంధితో ఐరోపాలో శాంతి కలిగెను. 1765లో మొగలు ఫర్మానాతోను, 1766లో నైజాముతోడి సంధితోను సర్కారులపై కంపెనీ హక్కు స్థిరపడెను. అటుపిమ్మట కప్పము బకాయికై కంపెనీ విజయనగరమును నొత్తిడి చేసెను. ఆనందరాజు వారసుడైన విజయరామరాజు 1794 జులై 10వ తేదీన పద్మనాభముకడ ఆ కంపెనీ సిపాయిల చేతనే కూలెను. 1757లో బొబ్బిలిపై కెత్తివచ్చిన సేనకు శిస్తే మూలము. 1794లో విజయనగరముపై కెత్తివచ్చిన సేనకును బకాయియే మూలము. వైరు లిద్దఱు నొకే తీరున నశించిరని తెలిసినపుడు, ఒకరిని వీరుని మఱియొకరిని ద్రోహిని జేసి చదువుట కష్టమగును. ఆ కష్టమే శాంతిపర్వము.

రంగరాయచరిత్రమును బాఠము చెప్పు పండితులు ఒక పద్యమునైన విడువవలసిన పని లేదు. పాపారాయని కత్తియొద్ద కథ నాపక, పిమ్మట నేమయ్యెనని విద్యార్థి యడుగుటకు దావిచ్చిన జాలును. ఆ ప్రశ్నకు బదులు అనకాపల్లి విద్యార్థికి దూరమున లేదు. శారదానది యొడ్డున, కశింకోట దారిలో నున్నది.