మాయను చదివే చేతులు

కవలలు పుట్టారనగానే అందరి కళ్లూ పిల్లల ముఖాల మీదే. ముక్కులు చూస్తారు, చెవులు చూస్తారు, ‘అచ్చు గుద్దినట్టున్నారు’ అని అమ్మమ్మ తేల్చేస్తుంది. కానీ పుట్టిననాటి పోలికలు నమ్మదగ్గవి కావు. ఒకే అండం చీలి పుట్టిన ఇద్దరిలోనూ ఒకరు బొద్దుగా ఎర్రగా, ఇంకొకరు సన్నగా పాలిపోయి ఉండవచ్చు. ఇద్దరూ ఒకే అండం బిడ్డలా కాదా అన్నదానికి గట్టి సాక్ష్యం పక్కన ట్రేలో ఉన్న మాయలో దొరుకుతుంది. దాన్ని చదవడం తెలిసినవాళ్ల పనితనం ఎంత చూసినా తనివి తీరదు.

ఆ పని కాన్పు గదిలోనే మొదలవుతుంది. మొదటి బిడ్డ బొడ్డుతాడుకి ఒక క్లాంపు, రెండో బిడ్డ తాడుకి రెండు. ఈ గుర్తు పెట్టకపోతే ఏ తాడు ఎవరిదో తర్వాత ఎంతటి నిపుణులూ చెప్పలేరు. పిల్లలు ఆడా మగా అయితే చిక్కు లేదు, వాళ్లు రెండు అండాల బిడ్డలు. ఇద్దరూ ఆడపిల్లలో, ఇద్దరూ మగపిల్లలో అయినప్పుడే అసలు పరీక్ష.

మాయ ఒకటా రెండా అని లెక్కపెట్టి తీర్పు చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పక్కపక్కన పెరిగిన రెండు మాయలు అతుక్కుపోయి ఒకటిగా కనిపిస్తాయని వాళ్లు మరచిపోతారు. అందుకే పాథాలజిస్టు చెయ్యి ముందుగా రెండు ఉమ్మనీటి సంచుల మధ్య పొర మీదికి వెళ్తుంది. దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తారు. ఉల్లిపొరలా పల్చగా ఉంటే అందులో ఉన్నవి రెండు ఆమ్నియాన్లే, అంటే రెండు సంచుల లోపలి పొరలే. మందంగా, మసగ్గా ఉంటే వాటి నడుమ కోరియాన్ అనే బయటి పొర కూడా ఉన్నట్టు. కంటి అంచనాతో ఆగరు. ఆమ్నియాన్లను చెరోవైపుకీ మెల్లగా ఒలుస్తారు. కింద మాయ నున్నగా మిగిలితే కోరియాన్ ఒక్కటే. గట్టులా ఒక అంచు ఊడిరాకుండా నిలబడితే రెండు. ఆ పొర ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి రూఢి చేసుకుంటారు.

తర్వాత రక్తనాళాలు. కోరియాన్ ఒక్కటే అయితే ఒక బిడ్డ నాళాలు రెండో బిడ్డ నాళాలతో దాదాపు ఎప్పుడూ కలిసి ఉంటాయి. ఒక నాళంలోకి గాలో రంగునీళ్లో ఎక్కించి, అవి అవతలి బిడ్డ వైపుకి పాకడం చూస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ వైద్యుడు ఫ్రీడ్రిష్ షాట్జ్ ఈ కలయికలనే ఏళ్లతరబడి పరిశీలించారు.

కోరియాన్ ఒక్కటైతే పిల్లలు ఐడెంటికల్, అంటే ఒకే అండం బిడ్డలు, అని దాదాపు ఖాయం. రెండైతే మాత్రం తొందరపడకూడదు. అండం మొదటి మూడు రోజుల్లోనే చీలితే ఐడెంటికల్ కవలలకూ వేరువేరు కోరియాన్లు ఏర్పడతాయి. అలాంటివాళ్లు సుమారు మూడోవంతు. అందుకే మంచి పాథాలజిస్టు రిపోర్టులో ‘రెండు కోరియాన్లు’ అని మాత్రమే రాసి కలం ఆపుతారు. ఇంత పని చేసిన చెయ్యి తనకు కనబడినంత వరకే రాయడం నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

అక్కణ్నుంచి పని ల్యాబుది. బ్లడ్ గ్రూపులు వేరైతే రెండు అండాల బిడ్డలని అక్కడికక్కడే తేలిపోతుంది. ఒకటే అయితే డీఎన్‌ఏ పరీక్షే దారి. దానికి రక్తం కన్నా బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన కణాలు మేలు, ఎందుకంటే కడుపులో ఉండగానే ఒకరి రక్తకణాలు ఇంకొకరిలోకి చేరి ఉండవచ్చు.